ఆర్‌వీలో గ్యాస్ వాల్వ్ లీకైతే: వెతకడం, విప్పడం, కొత్తది బిగించడం

కిందటి వేసవిలో కొలరాడోలో ఒక క్యాంప్‌గ్రౌండ్‌లో మా ట్రైలర్ (కారు వెనక లాక్కెళ్లే చిన్న ఇల్లు) పక్కన గ్రిడిల్, అంటే వెడల్పు పెనమున్న గ్యాస్ పొయ్యి, పెట్టుకుని దోసెలు పోస్తున్నాం. మూడో దోసె తిరగేస్తుంటే మా ఆవిడ ముక్కు ఎగబీల్చి, "ఏమండీ, గ్యాస్ వాసన వస్తోంది, చూడండి" అంది. "గ్యాస్ పొయ్యి పక్కనే నిలబడితే రాదా మరి" అన్నాను. తిన్నాం, పొయ్యి ఆపాం, గొట్టం పీకి చుట్టి లోపల పెట్టేశాం. అయినా వాసన పోలేదు. ట్రైలర్ అంచు కింద, గ్రిడిల్ గొట్టం తగిలించే చోట, బొటనవేలంత ఇత్తడి వాల్వ్ ఒకటి ఉంటుంది. దాని మూతికి కాస్త సబ్బు నురగ రాస్తే ఆవగింజంత బుడగ పుట్టి, బఠాణీ గింజంత అయి, పగిలి, మళ్లీ పుట్టింది. వాల్వ్ పూర్తిగా మూసే ఉంది. అప్పుడు గానీ ఆవిడ ముక్కు ముందు నా తర్కం ఎంతో తెలిసిరాలేదు.

ఆ వాల్వ్ నేనే మార్చుకున్నాను. అమెరికాలో ఇలాంటి ట్రావెల్ ట్రైలరో, సొంత ఇంజనున్న మోటార్‌హోమో (ఈ ఇంటి బండ్లనే ఆర్‌వీలంటారు) ఉన్నవాళ్లకు ఉపయోగపడుతుందని ఆ పనంతా ఇక్కడ రాస్తున్నాను. ఇండియాలో ఇంట్లో బండ లీకైతే ఈ వ్యాసంతో పనిలేదు, రెగ్యులేటర్ ఆపి 1906కి ఫోన్ చేయండి.

ఒక సంగతి ముందే చెప్పేస్తాను. "వాల్వ్ రిపేర్" అని మనం అంటాం గానీ, ఆర్‌వీలో గ్యాస్ వాల్వ్‌ను ఎవరూ విప్పి బాగుచేయరు, చేయకూడదు కూడా. తీసేసి కొత్తది పెడతారు, అంతే. అసలు పనంతా ఏ వాల్వ్, ఏ జాయింట్ అని తేల్చుకోవడంలోనే ఉంది. వాల్వ్ పోయిందనుకున్న చోట చాలాసార్లు వదులైన నట్టో పగిలిన గొట్టమో దొరుకుతుంది.

వాసన రాగానే

ఇంట్లో అలవాటు కొద్దీ చేయి స్విచ్ మీదికి పోతుంది. లైటు గానీ ఫ్యాను గానీ వేయొద్దు, వెలుగుతున్నవి ఆపొద్దు కూడా. స్విచ్ వేసినా ఆపినా లోపల నిప్పురవ్వ పుడుతుంది. పొయ్యి మంట వెలుగుతుంటే నాబ్ తిప్పి ఆర్పేయండి. పిల్లలను, పెద్దవాళ్లను, కుక్క ఉంటే దాన్నీ బయటికి పంపి, తలుపు బార్లా తెరిచి మీరూ వచ్చేయండి. సిలిండర్ దగ్గరికి వెళ్లి చక్రాన్ని కుడివైపుకు, గడియారం ముల్లు తిరిగే దిక్కుకు, ఆగేదాకా తిప్పండి. రెండు సిలిండర్లుంటే రెండూ మూయండి. ఫోన్ మాట్లాడాలన్నా దూరంగా వెళ్లాకే. గ్యాస్ బుస్సుమని చప్పుడు చేస్తున్నా, సిలిండర్ మూసినా వాసన తగ్గకపోతున్నా ఇక మెకానిక్ పని కాదు, 911కి చేయండి.

పొయ్యి ఒక్కటే ఆర్పితే సరిపోదు. ఆర్‌వీలో ఫ్రిజ్, నీళ్ల హీటర్, ఫర్నేస్ (లోపల వెచ్చబరిచేది) గ్యాస్ మీద నడిచేవైతే వాటంతట అవే రాజుకుంటాయి. మీరు బయట నిలబడి ఉండగానే లోపల చలి పెరిగి థర్మోస్టాట్ ఫర్నేస్‌ను వెలిగించొచ్చు. అందుకే బయటికి రాగానే సిలిండర్ మూయడం మొదటి పని, అన్నీ తెరిచి గాలి ఆడనివ్వడం రెండోది.

ప్రొపేన్ గాలికన్నా సుమారు ఒకటిన్నర రెట్లు బరువు. పైకి లేవదు, నీళ్లలాగా నేల మీద పరుచుకుని మంచం కింద అరల్లో, మెట్ల దగ్గర, నేల కింద సామాను పెట్టే గూళ్లలో నిలుస్తుంది. పైకప్పు కిటికీ ఒక్కటే తెరిచి సరిపెట్టుకుంటే లాభం లేదు. తలుపులు, కింది గూళ్ల మూతలు కూడా తెరవాలి. గాలిలో సుమారు 2 శాతం నుంచి 9.5 శాతం దాకా ప్రొపేన్ కలిస్తే అంటుకుంటుంది. ఆ 2 శాతం చిన్న ట్రైలర్‌లో మూలన పోగవడానికి ఎక్కువసేపు పట్టదు.

గ్యాస్ అలారాన్ని నేల దగ్గర, పిక్కల ఎత్తులో పెట్టేది కూడా ఇందుకే. దాని వెనక తయారీ తేదీ, ఎప్పటికల్లా మార్చాలో రాసి ఉంటుంది. చాలా రకాలకు 5 నుంచి 7 ఏళ్లే ఆయుష్షు. సెకండ్ హ్యాండ్ ట్రైలర్ కొన్నవాళ్లు ఇవాళే మోకాళ్ల మీద కూర్చుని ఆ తేదీ చూడండి. అలారం మోగలేదు కాబట్టి లీకు లేదనుకోవద్దు. మాది మోగలేదు, లీకు బయట కాబట్టి.

అది గ్యాసేనా?

ప్రొపేన్‌కు సొంత వాసన లేదు. కుళ్లిన కోడిగుడ్డు, ఉల్లిపాయ కలిసినట్టుండే ఆ కంపు కోసం ఇథైల్ మెర్కాప్టాన్ అనే పదార్థం కలుపుతారు. ఆర్‌వీలో ఇదే కంపు వేరేచోట్ల నుంచీ రావచ్చు. లెడ్ యాసిడ్ బ్యాటరీ అతిగా ఛార్జయి ఉడికితే సరిగ్గా ఇలాగే కంపు కొడుతుంది, అలారం కూడా మోగుతుంది. అలా వేడెక్కిన బ్యాటరీ కూడా ప్రమాదమే కాబట్టి కంగారు పడటంలో తప్పేమీ లేదు. వేడినీళ్ల కుళాయి తిప్పినప్పుడే వస్తే అది హీటర్ ట్యాంకులో నీళ్ల వాసన. సిలిండర్ ఖాళీ కావస్తున్నప్పుడు అడుగున మిగిలిన కంపు పదార్థం చిక్కబడి, లీకు లేకపోయినా పొయ్యి వెలిగించినప్పుడు గుప్పుమంటుంది.

ఏదో తేలేదాకా గ్యాసేననుకుని నడుచుకోండి. ఇంకొకటి, కంపులో పది నిమిషాలుంటే ముక్కు అలవాటుపడి ఏమీ తెలియదు. బయట కాసేపు తిరిగొచ్చి మళ్లీ చూడండి. లేదా అప్పటిదాకా దూరంగా ఉన్నవాళ్లను పిలిచి చూడమనండి.

సిలిండర్ నుంచి పొయ్యి దాకా

మన ఇంటి బండలో 14.2 కిలోల గ్యాస్ ఉంటుంది. ట్రైలర్ ముందు కొక్కెం దగ్గర ఉండే 30 పౌండ్ల సిలిండర్ 13.6 కిలోలు, అంటే దాదాపు అంతే. 20 పౌండ్లదైతే 9 కిలోలు. తేడా లోపలి సరుకులో ఉంది. మన ఎల్‌పీజీ బ్యూటేన్, ప్రొపేన్ కలిసిన మిశ్రమం. ఇక్కడ దాదాపు అంతా ప్రొపేనే. అది మైనస్ 42 డిగ్రీల సెల్సియస్ దగ్గరే మరుగుతుంది కాబట్టి మంచులో కూడా పొయ్యి వెలుగుతుంది. అదే కారణంగా ఎండాకాలం సిలిండర్‌లో ఒత్తిడి ఎక్కువ. 70 డిగ్రీల ఫారెన్‌హీట్ దగ్గర చదరపు అంగుళానికి సుమారు 110 పౌండ్లు, 100 డిగ్రీలకు 170 దాటుతుంది.

ఈ ఒత్తిడిని రెగ్యులేటర్ రెండు అంచెల్లో దించుతుంది. ముందు 10 పౌండ్ల దాకా, తర్వాత 11 అంగుళాల నీటి మట్టానికి, అంటే అంత ఎత్తు నీళ్లు కలిగించే ఒత్తిడికి. అది చదరపు అంగుళానికి 0.4 పౌండే. కూల్‌డ్రింక్ గ్లాసులో స్ట్రా పెట్టి ఊది బుడగలు తెప్పించగలిగినవాళ్లు అంత ఒత్తిడి నోటితోనే తెప్పించగలరు.

మీరు ఏది ముట్టుకోవచ్చో, ఏది కూడదో ఈ లెక్కే తేలుస్తుంది. రెగ్యులేటర్ దాటాక ఉన్నది తక్కువ ఒత్తిడి. అక్కడి జాయింట్లు, చేతివాల్వులు జాగ్రత్త తెలిసిన యజమాని మార్చుకోవచ్చు. రెగ్యులేటర్‌కు ముందున్న గొట్టాలను విప్పి కొత్తవి తగిలించడం వరకు ఫరవాలేదు. సిలిండర్ మీద ఉన్న వాల్వ్‌ను మాత్రం ఎప్పుడూ విప్పకండి. మోటార్‌హోమ్ ఛాసిస్‌కు బిగించి ఉండే పెద్ద ట్యాంకు వాల్వ్ కూడా అంతే, గ్యాస్ పూర్తిగా ఖాళీ చేసే పరికరాలున్న టెక్నీషియన్ పని అది. ఫర్నేస్, నీళ్ల హీటర్, ఫ్రిజ్‌ల లోపలుండే విద్యుత్ గ్యాస్ వాల్వులను కూడా నేను ముట్టుకోను. అవి సరిగా మూసుకోకపోతే మంట ఆరాక కూడా గ్యాస్ వస్తూనే ఉంటుంది. అలాంటి చోట ఆదా చేసే డబ్బు నాకొద్దు.

వెతకడం

లోపల వాసన పూర్తిగా పోయాకే మొదలుపెట్టండి. క్యాంప్‌గ్రౌండ్ కరెంటును ట్రైలర్ దగ్గర ప్లగ్ పీకి కాకుండా స్తంభం దగ్గర బ్రేకర్‌తో ఆపండి. బ్యాటరీ డిస్‌కనెక్ట్ స్విచ్ ఆపండి. జనరేటర్ ఉంటే అదీ ఆపాలి. పొయ్యి నాబ్‌లు, హీటర్, ఫ్రిజ్, ఫర్నేస్ అన్నీ ఆఫ్‌లో ఉన్నాయో లేదో రెండోసారి చూసుకోండి.

సబ్బు సంగతి. ఆ రోజు నేను గిన్నెలు తోమే సబ్బే వాడాను. దగ్గర అదే ఉంది. కానీ అమ్మోనియా, క్లోరిన్ ఉన్న సబ్బులు ఇత్తడిని, రాగిని తింటాయి. ఇవాళ లీకు చూపించిన సబ్బు రెండేళ్ల తర్వాత కొత్త లీకుకు కారణమవుతుంది. హార్డ్‌వేర్ షాపుల్లో గ్యాస్ లీక్ డిటెక్టర్ ద్రవం చిన్న సీసాల్లో దొరుకుతుంది, అది ఒకటి ట్రైలర్‌లో పడేసి ఉంచండి. తప్పక సబ్బు వాడితే పని అయ్యాక మంచినీళ్లతో కడిగేయండి. అగ్గిపుల్ల, లైటర్ పెట్టి చూసే మహానుభావులు ఇంకా ఉన్నారు. వాళ్లకు చెప్పేదేమీ లేదు.

సిలిండర్ చక్రాన్ని మెల్లగా తెరవండి. గబుక్కున తిప్పితే కనెక్టర్‌లో ఉండే అధిక ప్రవాహ నిరోధకం పెద్ద లీకనుకుని గ్యాస్‌ను దాదాపు ఆపేస్తుంది. తర్వాత పొయ్యి సన్నగా వెలుగుతుంటే ఏమైందా అని తల పట్టుకుంటారు. గ్యాస్ లోపలికి చేరాక సిలిండర్ దగ్గర మొదలుపెట్టి ఒక్కో జాయింట్‌కూ ద్రవం పూస్తూ, ఒక్కోదాని దగ్గర కనీసం అర నిమిషం ఆగి చూడండి. పెద్ద లీకు వెంటనే నురగ కక్కుతుంది. చిన్నది బద్ధకంగా, చీమ గుడ్లలాంటి సన్న బుడగల పేరులా వస్తుంది. గాలి వీస్తుంటే అది కనపడదు, అరచేయి అడ్డం పెట్టండి. నేల కింద పైపుల దగ్గర అద్దం ముక్క, టార్చి ఉంటే మెడ నొప్పి తప్పుతుంది. టార్చి బయటే వెలిగించి తీసుకెళ్లండి.

సిలిండర్ చక్రం కాడ చుట్టూ బుడగలొస్తే మూసేసి, సిలిండర్‌ను దూరంగా ఆరుబయట నిలబెట్టి, గ్యాస్ నింపేవాళ్లకు అప్పగించండి. పక్కనుండే చిన్న స్క్రూ దగ్గరొస్తే అది గ్యాస్ నింపేటప్పుడు 80 శాతం మట్టం చూడటానికి తెరిచేది, నింపినవాళ్లు సరిగా మూయలేదన్నమాట. స్క్రూడ్రైవర్‌తో మెత్తగా బిగిస్తే ఆగిపోతుంది. ఆగకపోతే దాన్నీ వెనక్కి పంపాల్సిందే. ఎర్రటి ఎండలో సేఫ్టీ వాల్వ్ బుస్సుమంటే ఎక్కువ నింపారని అర్థం. దాన్ని నొక్కడం, బిగించడం చేయకుండా దూరంగా వెళ్లి 911కి ఫోన్ చేయండి.

సిలిండర్‌ను పరీక్షిస్తున్నప్పుడే కాలర్ (వాల్వ్ చుట్టూ ఉండే ఇనుప పట్టీ) మీద కొట్టిన తేదీ చూడండి. తయారైన 12 ఏళ్లకు మొదటి తనిఖీ జరగాలి. చక్రం మూడు మూలలుగా లేకపోతే అది అధిక నింపుడు నిరోధకం లేని పాతకాలపుది. 2002 ఏప్రిల్ నుంచి అమెరికాలో అలాంటి చిన్న సిలిండర్లను నింపకూడదు.

గొట్టం తగిలే చోట రెండు రకాల నట్టులు కనిపిస్తాయి. ప్లాస్టిక్ పెద్ద నట్టు ఉన్నది చేత్తోనే బిగుస్తుంది, పానా అక్కర్లేదు. ఆ ప్లాస్టిక్, మంట తగిలితే కరిగి గ్యాస్ ఆగేలా చేసిన ఏర్పాటు. ఇత్తడిది, పీఓఎల్ అంటారు, ఎడమ మర. మనకు అలవాటైన దిక్కుకు తిప్పితే విప్పుతున్నామనుకుంటూ ఇంకా బిగించేస్తాం. పాత ట్రైలర్లలో ఆ నట్టు పాడైపోయి కనిపిస్తే కారణం ఇదే. గొట్టాన్ని వేళ్లతో వంచి చూడండి. వంపు దగ్గర సన్నటి బీటలుంటే ఇవాళ లీకు లేకపోయినా మార్చేయండి. రెగ్యులేటర్ కిందుండే గాలి రంధ్రం నుంచి గ్యాస్ వస్తుంటే లోపలి పొర చిరిగింది, రెగ్యులేటరే మార్చాలి. ఆ రంధ్రం ఎప్పుడూ నేల వైపే ఉండాలి, నీళ్లు చేరి గడ్డకడితే ఒత్తిడి అదుపు తప్పుతుంది.

అక్కడి నుంచి ట్రైలర్ కింద ఇనుప పైపు వెంట పోతారు. కొత్త బండి కదా, మనకెందుకీ గొడవ అనుకోకండి. అమెరికన్ ఆర్‌వీల్లో ఎక్కువ భాగం ఇండియానాలోని ఎల్కార్ట్ చుట్టుపక్కల తయారై, అక్కడి నుంచి వందల మైళ్లు రోడ్డు మీద కుదుపులు తింటూ మీ ఊరి డీలర్ దగ్గరికి వస్తాయి. ఫ్యాక్టరీలో బిగించింది దారిలో వదులవచ్చు.

బయటి వాల్వ్ మార్చడం

మా కేసులో పోయింది గ్రిడిల్ తగిలించే క్విక్ కనెక్ట్ వాల్వ్. ఇది చక్రాల వెనక, రోడ్డు దుమ్ము అంతా మీద పడే చోట వేలాడుతుంది. రబ్బరు మూత తెగిపోతే ఒక ఇసుక రేణువు లోపలి సీలు మీద కూర్చుంటుంది. మాది సరిగ్గా అదే. మూత ఎప్పుడో ఊడిపోయింది, నేను పట్టించుకోలేదు.

మార్చే ముందు ఒక ప్రయత్నం చేయండి. సిలిండర్ మూసి, వాల్వ్ మూతిని పొడి గుడ్డతో తుడిచి, గ్రిడిల్ గొట్టం ప్లగ్‌ను రెండుసార్లు పెట్టి తీసి, సిలిండర్ తెరిచి మళ్లీ బుడగలు చూడండి. దుమ్ము రాలిపోతే లీకు ఆగొచ్చు. ఆగకపోతే నూనె, గ్రీజు, స్ప్రే ఏదీ లోపలికి కొట్టొద్దు, సీలు ఉబ్బుతుంది. ఇక విప్పడమే.

కావలసినవి: సర్దుకునే పానాలు రెండు, గ్లవ్స్, కళ్లద్దాలు, ఇత్తడి బ్రష్, ప్రొపేన్‌కు పనికొస్తుందని డబ్బా మీద రాసి ఉన్న పైపు పేస్టు లేదా గ్యాస్‌కు వాడే పసుపు టేపు, కొత్త వాల్వ్. నీళ్ల కుళాయిలకు చుట్టే పల్చటి తెల్ల టేపు వద్దు. నీళ్ల వాల్వ్ కూడా వద్దు, చూడటానికి అచ్చం ఒకేలా ఉంటుంది. ఒంటి మీద గ్యాస్ రేటింగ్ ముద్ర లేనిదాన్ని షాపులోనే వదిలేయండి.

మొదట సిలిండర్లు రెండూ మూయండి. పైపులో మిగిలిన గ్యాస్‌ను బయటికి వదలాలి. చాలామంది లోపల పొయ్యి వెలిగించి ఆరిపోయేదాకా మండిస్తారు. లీకు ఉందని తెలిసిన బండిలో అగ్గి వెలిగించడం నాకు ఇష్టం లేదు. గ్రిడిల్ గొట్టం తగిలించి, గ్రిడిల్‌ను ట్రైలర్ నుంచి గొట్టం ఉన్నంత దూరం జరిపి, వెలిగించకుండా నాబ్ తెరిచి వదిలేశాను. చుట్టుపక్కల ఎవరి మంటా లేదని, గాలి బాగా ఆడుతోందని చూసుకున్నాకే. చప్పుడు ఆగాక కూడా పదిహేను నిమిషాలు అలాగే ఉంచాను.

తర్వాత సిలిండర్ల గొట్టాలను పూర్తిగా విప్పి పక్కన పెట్టండి. చక్రం మూశాం కదా, ఇదెందుకు అనిపిస్తుంది. మీరు కింద పడుకుని ఉండగా మీవాడెవడో సాయం చేద్దామని చక్రం తిప్పితే? గొట్టమే లేకపోతే ఆ టెన్షన్ లేదు.

విప్పే ముందు ఫోన్‌తో ఫొటో తీసుకోండి, మూతి ఏ వైపు తిరిగి ఉందో తర్వాత గుర్తుండదు. ఇప్పుడు ఒక పానాతో వాల్వ్ వెనకున్న ఇనుప టీని (T ఆకారపు పైపు ముక్క) గట్టిగా పట్టండి, రెండో పానా వాల్వ్ నడుముకు వేసి గడియారానికి ఎదురు దిక్కులో తిప్పండి. ఎదురు పానా లేకుండా లాగితే వాల్వ్ బదులు పైపు తిరుగుతుంది. అప్పుడు నేల లోపల, మీ చేయి అందని చోట ఇంకో జాయింట్ వదులవుతుంది. బయట ఒక లీకు బాగుచేసి లోపల ఒక లీకు తెచ్చిపెట్టుకోవడమంటే అదే. కదలకపోతే తుప్పు వదిలించే నూనె చుక్కలు వేసి అరగంట ఆగి మళ్లీ ప్రయత్నించండి. మంటతో వేడి చేయడం మాట మనసులోకి కూడా రానీయొద్దు. పైపు తిరగడం మొదలైతే మాత్రం అక్కడితో ఆపి టెక్నీషియన్‌ను పిలవండి.

ఊడొచ్చాక దాని మర సైజు కొలవండి. ఇక్కడ పైపు మరల లెక్క అందరినీ బోల్తా కొట్టిస్తుంది. పావు అంగుళం పైపు మర బయటి కొలత పావు అంగుళం ఉండదు, సుమారు 13.7 మిల్లీమీటర్లు ఉంటుంది. 3/8 అంగుళాలదైతే 17 మిల్లీమీటర్ల పైచిలుకు. స్కేలు పెట్టి చూసి "అర అంగుళం" అని నేను పెద్దది కొనుక్కొచ్చాను. పాత వాల్వ్‌ను జేబులో వేసుకెళ్లి ఉంటే రెండోసారి ఇరవై మైళ్లు తిరిగే పని ఉండేది కాదు.

ఇంతకీ ఆ వాల్వ్ మీకు అవసరమా? బయట వంట చేయనివాళ్లు ఆ టీ రంధ్రానికి గ్యాస్ రేటింగ్ ఉన్న, మరలున్న బిరడా బిగించేయడం మేలు. పాడయ్యే వస్తువే లేకపోతే లీకే లేదు.

టీ లోపలి మరలకు అంటుకున్న పాత పేస్టును బ్రష్‌తో గీకండి. ముందుగా చిన్న గుడ్డ పీలిక పైపులో దోపితే చెత్త లోపలికి పోదు. దాన్ని తీయడం మరిచిపోకండి, తోక బయటికి వేలాడేలా పెట్టుకోండి. కొత్త వాల్వ్ మగ మరలకు పేస్టు పల్చగా రాయండి, కొసన ఉన్న రెండు మరలు వదిలేయండి. అక్కడ రాస్తే అది ఊడి పైపులో కొట్టుకుపోయి ఏ బర్నర్ కన్నంలోనో ఇరుక్కుంటుంది. టేపైతే కొసను మీ వైపు పెట్టుకుని గడియారం దిక్కులో రెండు మూడు చుట్లు లాగి చుట్టండి, ఎదురు దిక్కులో చుడితే బిగించేటప్పుడు ఊడివస్తుంది.

చేత్తో మొదలుపెట్టండి. మొదటి రెండు చుట్లు వేళ్లతోనే సాఫీగా తిరగాలి, పట్టేస్తే మర అడ్డంగా ఎక్కిందన్నమాట, తీసి మళ్లీ పెట్టండి. వేళ్లతో బిగుసుకున్నాక ఎదురు పానా వేసి ఒకటిన్నర నుంచి రెండు చుట్లు. ఇత్తడి మెత్తన, ఇనుపది బిగించినట్టు ఒళ్లు విరుచుకుని లాగితే పగులుతుంది. మూతి దిక్కు కుదరలేదని వెనక్కి తిప్పకూడదు. పైపు మరలు వెనక్కి తిప్పితే సీలు పోతుంది. కొంచెం ముందుకు తిప్పి కుదుర్చుకోండి, లేదా విప్పి శుభ్రంగా మళ్లీ మొదలుపెట్టండి.

లోపలి వాల్వ్ అయితే

కొన్ని బండ్లలో పొయ్యి కింద గానీ ఫర్నేస్ వెనక గానీ రాగి గొట్టానికి చిన్న చేతివాల్వ్ ఉంటుంది. మార్చే పద్ధతి అదే, ఒక్క పెద్ద తేడా ఉంది. అక్కడ జాయింట్ ఫ్లేర్ రకం. రాగి గొట్టం కొస గన్నేరు పువ్వులా విచ్చుకుని, ఇత్తడి శంకువు మీద లోహానికి లోహం ఆనుకుని సీలవుతుంది. మరలు అక్కడ నొక్కి పట్టడానికే, కాబట్టి పేస్టు గానీ టేపు గానీ రాయకూడదు. రాస్తే సరిగా ఆనక అదే లీకవుతుంది. విచ్చుకున్న అంచు మీద గీతగానీ బీటగానీ ఉంటే ఎంత బిగించినా ఆగదు, ఆ కొస కోసి కొత్తగా ఫ్లేర్ చేయాలి. ఆ పరికరం, ఆ చేతివాటం లేకపోతే ఇంకొకరికి వదిలేయండి. లోపల లీకు బయటి లీకంత మంచిది కాదు.

పొయ్యి నాబ్ కాడ దగ్గర వాసనొస్తే ఆ నాబ్ వాల్వ్ కూడా విప్పి గ్రీజు పెట్టేది కాదు, ఆ మోడల్‌కు సరిపడే కొత్తది పెట్టించాలి.

ఆగిందో లేదో

గొట్టాలు తగిలించి, సిలిండర్ మెల్లగా తెరిచి, కొత్త జాయింట్‌కూ, వాల్వ్ మూతికీ, మీరు ముట్టుకున్న ప్రతి చోటా ద్రవం పూయండి. రెండు నిమిషాలు కదలకుండా చూడండి. ఒక్క బుడగా రాకూడదు. చిన్నదే కదా అనే లెక్క గ్యాస్‌లో లేదు.

ఒత్తిడి కొలిచే మానోమీటర్ ఉంటే ఇంకా మేలు. నీళ్లు పోసిన పారదర్శక గొట్టం రకమైనా చాలు. దాన్ని పొయ్యి బర్నర్ కన్నానికి రబ్బరు గొట్టంతో తగిలించి ఆ నాబ్ తెరిచి ఉంచి, సిలిండర్ తెరిచి మూసి, కొంచెం గ్యాస్ బయట గ్రిడిల్ గొట్టం ద్వారా వదిలి ఒత్తిడిని 8 అంగుళాలకు దించండి. ఐదు నిమిషాలు మట్టం వెంట్రుకంత కూడా దిగకూడదు. 11 దగ్గరే ఉంచి చూస్తే ఏమవుతుందంటే, రెగ్యులేటర్ ముందున్న గొట్టంలో చిక్కుకున్న గ్యాస్ మెల్లగా లోపలికి వస్తూ చిన్న లీకును కప్పేస్తుంది. 8కి దించితే రెగ్యులేటర్ తెరుచుకుని అటూ ఇటూ ఒకటే ఒత్తిడి అవుతుంది, దాపరికం ఉండదు. మట్టం దిగి, బుడగలెక్కడా కనపడకపోతే లీకు మీకు కనపడని చోట ఉంది. సిలిండర్ మూసి, గ్యాస్ లేకుండా బండిని టెక్నీషియన్ దగ్గరికి తీసుకెళ్లండి.

పరీక్షలో లీకు లేదని తేలాక వెలిగించడం పొయ్యితో మొదలుపెట్టండి. పైపుల్లో గాలి ఉంటుంది కాబట్టి అది పోయేదాకా మంట పట్టదు. వరసగా వెలిగించడానికి ప్రయత్నించకుండా పది సెకన్లు ఆగి, నాబ్ మూసి, మళ్లీ. ఫ్రిజ్, హీటర్ మొదటి రెండు మూడు సార్లు లాకౌట్ అయితే, అంటే మంట పట్టక వాటంతట అవే ఆగిపోతే, కంగారొద్దు, రీసెట్ చేయండి.

బండి కదిలేటప్పుడు సిలిండర్ మూసే అలవాటు చేసుకోండి. కదులుతున్న బండిలో ఫ్రిజ్‌ను గ్యాస్ మీద నడపడం చాలామంది చేస్తారు, నేను మానేశాను. మూసినా కొన్ని సొరంగాల్లోకి ప్రొపేన్ సిలిండర్లతో రానివ్వరు. బాల్టిమోర్‌లో ఫోర్ట్ మెక్‌హెన్రీ, హార్బర్ టన్నెళ్లు అలాంటివే. న్యూజెర్సీ నుంచి వర్జీనియా వైపు వెళ్లే మనవాళ్లు ఇదివరకు బాల్టిమోర్ రేవు మీదున్న కీ బ్రిడ్జి మీదుగా చుట్టి వెళ్లేవారు. 2024 మార్చి 26న ఓడ గుద్దుకుని అది కూలిపోయాక ఊరి చుట్టూ ఉండే ఐ-695 హైవే పడమటి వైపు నుంచి తిరగాల్సి వస్తోంది.

కొత్త వాల్వ్ బిగించాక మొదటి ప్రయాణంలో యాభై మైళ్లు పోయాక ఆగి, మళ్లీ ద్రవం పూసి చూడండి. నేను ఆగింది న్యూమెక్సికోలో ఒక పెట్రోలు బంకు వెనక ఖాళీ స్థలంలో. బుడగలు లేవు. రబ్బరు మూత ఉందా అని మా ఆవిడ కిటికీలోంచి అడిగింది. చిన్న గొలుసుతో కట్టేశానని చూపించాను.